సర్వర్ మొరాయించింది అని రాసి వదిలెయ్యకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ మా ఇంట్లో చాలా ఏళ్లుగా వేయించుకుంటున్నాం కానీ ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. ఇంత పొడుగుది మొత్తం వెయ్యరని తెలుసు, మీ ఇష్టం వచ్చినట్టు కత్తిరించుకోండి, చివర్లో కరెంటు కోతల సంగతి ఒకటి రాశా, దాన్ని మాత్రం ఉంచండి.

విషయం ఏంటంటే, మీ జిల్లా పేజీల్లో తరచుగా ఒక హెడ్డింగ్ కనిపిస్తుంది, "మొరాయించిన సర్వర్లు" అని. రిజిస్ట్రేషన్లు ఆగిపోతే అదే హెడ్డింగ్, రేషన్ షాపులో మిషన్ పనిచెయ్యకపోతే అదే, రిజల్ట్స్ రోజు సైట్ తెరుచుకోకపోయినా అదే. కింద ఒక ఫొటో, చెట్టు నీడలో కాగితాల కవర్లు పట్టుకుని కూర్చున్న జనం. ఆఖర్న "సాంకేతిక లోపం వల్ల అంతరాయం ఏర్పడిందని అధికారులు తెలిపారు" అని ఒక లైను, అంతే, వార్త అయిపోయింది. నేను 2008 నుంచి డీబీఏగా చేస్తున్నా, అంటే డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్, ఆ లైను చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మొరాయించడానికి అదేమన్నా గిత్తా అండీ? బస్సు బోల్తా పడితే మీ విలేకరే వెళ్లి బ్రేకులు ఫెయిలయ్యాయా, టైరు పేలిందా, డ్రైవర్ కునుకు తీశాడా అని అడిగి మరీ రాస్తాడు కదా, మరి సర్వర్ విషయానికి వచ్చేసరికి ఎందుకు ఆగిందని ఒక్కళ్లూ అడగరు. కారణం ఉండదా అంటే ఎప్పుడూ ఉంటుంది, చాలాసార్లు అది ఒక నంబరుతో సహా స్క్రీన్ మీద రాసి ఉంటుంది. మా పనంతా దాన్ని చదవడమే.

అసలు మేమేం చేస్తామో మా ఇంట్లో వాళ్లకే సరిగా తెలీదు, మిమ్మల్ని అని ఏం లాభం. మా అమ్మ చుట్టాలకి "మా అమ్మాయి కంప్యూటర్లు చూసుకుంటుంది" అని చెప్తుంది, దాంతో పెళ్లిళ్లకి వెళ్తే జనం ప్రింటర్ పనిచెయ్యట్లేదని నాకు ఫోన్లు తీసి చూపిస్తారు. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర ఒక గదిలో అరవై మంది కూర్చుని ఒరాకిల్ 10జీ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న బ్యాచ్ మాది. అప్పుడు మాంద్యం రోజులు, డెవలపర్ ఉద్యోగాలు లేవు, ఈ పని ఎవరూ ఆశపడరు కాబట్టి నాకు దొరికింది. మేం ప్రోగ్రాములు రాయం. మీ బ్యాంకు బ్యాలెన్సు, మీ పొలం సర్వే నంబరు, మీ అబ్బాయి హాల్‌టికెట్టు, ఇలాంటివి దాచే చోటికి కాపలా అన్నమాట. 2023 ఆగస్టులో ఒక్క నెలలోనే యూపీఐ లావాదేవీలు వెయ్యి కోట్లు దాటాయి, ఇడ్లీ బండి దగ్గర మీరు కొట్టిన ముప్పై రూపాయలు కూడా ఎక్కడో ఒక డేటాబేస్‌లో ఒకచోట తగ్గి ఒకచోట పెరగాలి, ఒకటి జరిగి రెండోది జరక్కపోతే మీరు ఊరుకుంటారా.

పొద్దున లేవగానే కాఫీ కంటే ముందు నేను చూసేది రాత్రి బ్యాకప్పుల మెయిల్. తర్వాత అలర్ట్ లాగ్ అంటే డేటాబేస్ తనకొచ్చిన ఇబ్బందులు రాసుకునే ఫైలు, తర్వాత డిస్కుల్లో ఎంత జాగా మిగిలింది, తర్వాత స్టాండ్‌బై అంటే వేరే ఊళ్లో పెట్టుకున్న నకలు అసలు దానికంటే ఎన్ని నిమిషాలు వెనకబడింది, ఇదంతా అయ్యేసరికి మా వాడి స్కూల్ వ్యాన్ వచ్చేస్తుంది. ఆఫీసుకెళ్లాక టికెట్లు, అంటే పని చేసిపెట్టమని వచ్చే అర్జీలు. కొత్తగా చేరిన కుర్రాడికి యాక్సెస్ కావాలి, మానేసిన వాడి యాక్సెస్ తీసెయ్యాలి (ఇది ఎవరూ అడగరు, మేమే గుర్తుపెట్టుకుని తియ్యాలి), నిన్నటి డేటా టెస్టింగ్ వాళ్లకి కాపీ చేసివ్వాలి, ఆ కాపీలో ఫోన్ నంబర్లు ఆధార్ నంబర్లు కనపడకుండా మార్చాలి. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చాక ఈ మార్చడం గురించి పైవాళ్లు కూడా అడుగుతున్నారు, అంతకుముందు నేను అడిగితే "అబ్బా, టెస్ట్ డేటాయే కదా" అనేవాళ్లు. ఇక రోజుకి కనీసం నాలుగు సార్లు వినే మాట "డేటాబేస్ స్లోగా ఉంది". వెళ్లి చూస్తే డేటాబేస్ బాగానే ఉంటుంది, ఎవరో ఒక క్వెరీ అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న రాసి ఉంటారు, ఒక్క మనిషి వివరం కావాలంటే ఊరందరి ఇళ్లూ తలుపు కొట్టుకుంటూ వెళ్లే రకం. దానికి ఇండెక్స్ వేస్తే రెండు సెకన్లలో వస్తుంది, ఇండెక్స్ అంటే పుస్తకం వెనకాల ఏ మాట ఏ పేజీలో ఉందో రాస్తారే అలాంటిదే, కాకపోతే ప్రతిదానికీ ఇండెక్స్ వేస్తూ పోతే కొత్త లైను రాసినప్పుడల్లా అవన్నీ కూడా సరిచెయ్యాలి, అప్పుడు రాయడం స్లో అవుతుంది, మళ్లీ మనకే ఫోన్.

ఇప్పుడు ఆగిపోవడాల సంగతికి వస్తా. నేను కళ్లారా చూసినవి మూడు చెప్తాను, ఏ ఆఫీసు ఏ కంపెనీ అని మాత్రం అడక్కండి.

ఒకచోట మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి కౌంటర్లన్నీ బిగుసుకుపోయాయి. స్క్రీన్ తిరుగుతుంది తిరుగుతుంది ఏమీ రాదు, లైన్లో జనం కేకలు. చూస్తే ఒక సపోర్ట్ కుర్రాడు ఏదో తప్పు సరిచెయ్యడానికి పట్టికలో ఒక వరసని మార్చి, కమిట్ అంటే మార్పుని ఖాయం చేసే కమాండ్ కొట్టకుండా భోజనానికి వెళ్లాడు. కమిట్ కొట్టేదాకా ఆ వరస వాడి చేతిలోనే ఉంటుంది, తాళం వాడి జేబులో, ప్రతి రసీదుకీ తర్వాతి నంబరు ఇచ్చే వరస అదే, వాడి వెనకాల ఒకరు, ఆయన వెనకాల ఇంకో రెండు వందల మంది. నేను చేసిందల్లా ఆ సెషన్ అంటే డేటాబేస్‌తో ఉన్న ఆ కనెక్షన్ ఎవరిదో కనుక్కుని తీసెయ్యడం, ఒక నిమిషం పని. కనుక్కోవడానికి ఇరవై నిమిషాలు, దానికి ముందు నెట్‌వర్క్ వాళ్లూ సర్వర్ వాళ్లూ మేమూ కలిసి కాల్‌లో "మా వైపు అంతా బాగుంది" అని చెప్పుకోవడానికి నలభై నిమిషాలు. ఆ కుర్రాడు పెరుగన్నం తిని వచ్చి "ఏమైందక్కా, అందరూ ఇటే చూస్తున్నారు" అన్నాడు, ఏమనాలో తెలీలేదు.

రెండోది చిట్టా నిండిపోవడం. పాత కిరాణా కొట్లలో శెట్టిగారు ఏం చేసేవాళ్లు, బేరం జరగ్గానే చిట్టాలో వరసగా రాసేవాళ్లు, తర్వాత తీరిగ్గా ఆవర్జాలో ఎవరి ఖాతా కింద వాళ్లది ఎక్కించేవాళ్లు. ఆవర్జా తడిసిపోయినా చిట్టా ఉంటే మళ్లీ రాసుకోవచ్చు. ఒరాకిల్ చేసేది కూడా అచ్చం అదే, ప్రతి మార్పూ ముందు రీడో లాగ్‌లో పడాలి, అది నిండితే ఆర్కైవ్ అని పక్కన ఒక చోట కాపీ దాచాలి. ఆ దాచే చోటు నిండిపోయిందనుకోండి, పాత చిట్టా భద్రంగా దాచకుండా దాని మీద కొత్తది రాయను అని డేటాబేస్ కూర్చుంటుంది, కొత్త మార్పు ఒక్కటి కూడా తీసుకోదు. ఓఆర్ఏ-00257 అని ఎర్రర్ నంబరు వస్తుంది. మొరాయింపు అంటే ఇదొక్కదాన్ని అనొచ్చేమో, కానీ ఇక్కడ తప్పు దానిది కాదు కదా, అది మీ డేటా పోకుండా మొండికేస్తుంది. తప్పు ఎవరిదంటే డిస్క్ నూటికి ఎనభై నిండినప్పుడు వచ్చిన మెయిల్‌ని, తొంభై నిండినప్పుడు వచ్చిన మెయిల్‌ని చూడనివాళ్లది. నిజం చెప్పాలంటే ఒకసారి ఆ చూడనిదాన్ని నేనే. మా తమ్ముడి నిశ్చితార్థం, ఫోన్ బ్యాగులో ఉండిపోయింది, అంతే.

మూడోది నాకు ఇష్టమైనది, ఎందుకంటే ఇది మన భాషల్లో రాసుకునేవాళ్లకి వచ్చే కష్టం. ఒక అప్లికేషన్‌లో పేరు తెలుగులో కూడా ఎక్కించమన్నారు. మొదటి రోజే గోల, కొందరి పేరు ఎక్కుతుంది కొందరిది ఎక్కట్లేదు, "సాంకేతిక లోపం, కాసేపాగి ప్రయత్నించండి" అని వస్తుంది. రవి ఎక్కాడు, లక్ష్మి ఎక్కింది, సుబ్బారావు ఎక్కాడు, శ్రీనివాసరావు ఎక్కలేదు, వెంకటేశ్వరరావు అయితే మూడు రోజులు తిరిగాడు పాపం. జనం అప్పటికే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, డబ్బులిచ్చిన వాళ్లవే చేస్తున్నారని. సంగతేంటంటే పేరు పెట్టే గడిని ముప్పై బైట్లకి కట్టారు, బైటు అంటే కంప్యూటర్లో జాగా కొలత, ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, అందుకని ఇంగ్లీషులో పదిహేను అక్షరాల వెంకటేశ్వరరావు హాయిగా పట్టేస్తాడు. తెలుగులో యూనికోడ్ యూటీఎఫ్-8 అనే, అక్షరాలని కంప్యూటర్లో దాచే లెక్కలో అక్షరానికీ గుణింతానికీ పొల్లుకీ సున్నాకీ దేనికదే మూడు బైట్లు. వెంకటేశ్వరరావు అని పిల్లాడిని లెక్కపెట్టమంటే ఏడక్షరాలు అంటాడు, మిషన్‌కి అవి పద్నాలుగు ముక్కలు, నలభై రెండు బైట్లు. శ్రీనివాసరావు ముప్పై తొమ్మిది. సుబ్బారావు సరిగ్గా ముప్పై, గడప అంచున తల వంచి దూరినట్టు దూరాడు. ఇందులో దాపరికం ఏమీ లేదు, డేటాబేస్ ఓఆర్ఏ-12899 అని నంబరు వేసి, నువ్విచ్చింది 42, నాలో పట్టేది 30 అని శుభ్రంగా చెప్తుంది, ఆ మాటని మధ్యలో అప్లికేషన్ మింగేసి "సాంకేతిక లోపం" అని బయటికి చెప్పింది. పైగా కాసేపాగి ప్రయత్నించమని సలహా! కాసేపాగితే ఆయన పేరు చిన్నదవుతుందా? గడి పెద్దది చెయ్యడం ఒక్క లైను కమాండ్, ఎవరైనా ఆ నంబరు చదివి ఉంటే ఆ పెద్దాయన మూడు రోజులు బస్సు చార్జీలు పెట్టుకుని తిరిగేవాడు కాదు.

ఇవి మూడూ మీ పేపర్లో పడితే ఒకటే మాట, సర్వర్లు మొరాయించాయి. ఒకటి మనిషి నిర్లక్ష్యం, ఒకటి కాపలా లోపం, ఒకటి కట్టినప్పుడే చేసిన తప్పు, మూడింటికీ జవాబు చెప్పాల్సినవాళ్లు వేరు వేరు. "సాంకేతిక లోపం" అనే మాట కింద ఆ ముగ్గురూ దాక్కుంటారండీ, నాతో సహా.

ఇలాంటివి బయటికి చెప్తే పరువు పోతుందని అందరి భయం. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు నకలు డేటాబేస్‌ ఫోల్డర్ని ఖాళీ చేద్దామనుకుని అసలు దాని మీద కమాండ్ కొట్టాడు, ఒకటి రెండు సెకన్లలో తప్పు తెలిసి ఆపాడు, అప్పటికే దాదాపు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. సరే బ్యాకప్ తీద్దాం అనుకుంటే వాళ్లు పెట్టుకున్న ఐదు పద్ధతుల్లో ఒక్కటీ అనుకున్నట్టు పనిచెయ్యలేదు, రోజూ బ్యాకప్ తీసే ప్రోగ్రాము వెర్షన్ తేడా వల్ల ఎప్పటినుంచో ఫెయిలవుతుంది, ఫెయిలైందని చెప్పే మెయిళ్లు కూడా తిరస్కరణకి గురై ఎవరికీ చేరట్లేదు. అదృష్టం కొద్దీ అదే ఇంజనీరు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసుకున్న కాపీ ఒకటి ఉంది కాబట్టి బతికారు, ఆ ఆరు గంటల్లో చేసిన పని మాత్రం పోయింది. అయితే వాళ్లు ఏం చేశారు, ఏం జరిగిందో గంట గంటకీ రాసి అందరికీ చూపించారు, రిపేరు చేస్తుంటే యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. ఆ రోజు నుంచి ప్రపంచంలో డీబీఏలందరూ వాళ్లని తిట్టలేదు, లేచి తమ బ్యాకప్పులు చూసుకున్నారు. నేనైతే ఆ వారమే మా మేనేజర్ని పట్టుకుని ఒక పాత సర్వర్ అడిగి, బ్యాకప్‌ని దాని మీద నిజంగా తెరిచి చూశా. మా వాటిల్లో ఒకటి తెరుచుకోలేదు. తొమ్మిది నెలలుగా పొద్దున్నే "సక్సెస్" అని మెయిల్ వస్తున్న బ్యాకప్ అది. ఇప్పుడు నెలకొకటి తెరిచి చూస్తాం, చూసిన తేదీ కాగితం మీద రాసి పెడతాం. కాబట్టి మీ విలేకరి ఏ ఆఫీసుకి వెళ్లినా బ్యాకప్ ఉందా అని అడగొద్దు, ఉందనే చెప్తారు. ఆఖరిసారి ఎప్పుడు రీస్టోర్ చేసి చూశారు, తేదీ చెప్పండి అని అడగమనండి.

పైన అడిగేవాళ్లుంటే కదులుతుంది కూడా. 2020 డిసెంబర్లో ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు సేవలు పదే పదే ఆగిపోతున్నాయని రిజర్వ్ బ్యాంక్ కొత్త క్రెడిట్ కార్డులు ఇవ్వడం ఆపించింది, వాళ్ల డిజిటల్ లాంచ్‌లు కూడా, పూర్తిగా వదిలిపెట్టడానికి ఏడాది పైనే పట్టింది. బ్యాంకులకి అడిగే నాథుడు ఉన్నాడు. మిగతావాటికి మీరే ఉన్నారు.

మా ఇంట్లో నా ఉద్యోగం బాగా అర్థమైన మనిషి ఒక్కరే, మా మామయ్యగారు. ఆయన కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. మాకు ప్యాచింగ్ అని ఒకటి ఉంటుంది, ఒరాకిల్ వాళ్లు మూడు నెలలకోసారి, జనవరి ఏప్రిల్ జులై అక్టోబర్లలో, సెక్యూరిటీ రిపేర్లు విడుదల చేస్తారు, వాటిని మేం శనివారం అర్ధరాత్రి ఎక్కించాలి. పదకొండింటికి అందరం కాల్‌లోకి వస్తాం, అప్లికేషన్ వాళ్లు వాళ్లది ఆపుతారు, వెనక్కి రావడానికి ఒక రీస్టోర్ పాయింట్ పెట్టుకుంటాం, ముందు స్టాండ్‌బై మీద ఎక్కించి తర్వాత అసలు దాని మీద, తర్వాత ఆ రిపేర్లని డేటాబేస్ లోపలికి ఎక్కించే డేటాప్యాచ్ నడుస్తుంటే ఆ తెల్లటి అక్షరాలు చూస్తూ కూర్చోవడం, ఈ టైములో ఎవరో ఒకరు మ్యూట్ మర్చిపోయి గురక పెడతారు. తెల్లారి ఐదింటికి టెస్టింగ్ వాళ్లు ఓకే అంటే పడక. మొదటిసారి ఇదంతా చూసి మామయ్యగారు అడిగిన ప్రశ్న, "ఎల్సీ తీసుకున్నావా అమ్మా?" అని. ఎల్సీ అంటే లైన్ క్లియర్, ఫలానా లైను ఫలానా టైము నుంచి ఆపాం, నువ్వు ఎక్కొచ్చు అని సబ్‌స్టేషన్ వాళ్లు ఇచ్చే అనుమతి, అది లేకుండా స్తంభం ఎక్కితే ప్రాణం పోతుంది. మా దాంట్లో దాన్ని చేంజ్ అప్రూవల్ అంటాం, అది లేకుండా ప్రొడక్షన్‌ని, అంటే జనం వాడే అసలు డేటాబేస్‌ని, ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది, తేడా అంతే. ఆయన ఇంకోటి కూడా చెప్పారు, ఎల్సీ కాగితం చేతిలో ఉన్నా సరే తీగకి ఎర్త్ వెయ్యకుండా చెయ్యి పెట్టకూడదు, పక్క లైన్లోంచో ఎవరి జనరేటర్లోంచో తిరిగి రావచ్చు అని. అప్పటినుంచి నేను ప్రొడక్షన్ విండో మొత్తం ఎర్ర రంగు చేసుకున్నా, టెస్ట్‌ది పచ్చ, ఎంటర్ కొట్టేముందు రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసి సర్వర్ పేరు పైకి చదువుతా. మా వాడు నిద్రలో లేచి చూసి అమ్మ మంత్రాలు చదువుతుంది అని నాన్నకి చెప్పాడట.

ఇంకో చిన్న మాట. మాకు అన్నీ కనిపిస్తాయి. ఎవరి జీతం ఎంత, ఎవరి అప్పు ఎంత, తెరిస్తే కనిపిస్తుంది. మా ఆడపడుచు ఒక సంబంధం విషయంలో అబ్బాయి లోన్లు ఏమన్నా ఉన్నాయేమో ఒక్కసారి చూడొదినా, ఎవరికీ చెప్పనులే అంది. చూడనన్నాను, ఆరు నెలలు మాట్లాడలేదు. చూస్తే ఎవరు ఏం చూశారో రాసిపెట్టే ఆడిట్‌లో నా పేరు పడుతుందని చెప్పినా నమ్మలేదు. నిజానికి పడకపోయినా చూడకూడదు, అది వేరే సంగతి.

ఇప్పుడు నేను అడగాలనుకున్నది. మీ పేపర్లో రోజూ లోపలి పేజీలో చిన్న అక్షరాలతో వేస్తారు, "నేడు విద్యుత్ సరఫరా ఉండని ప్రాంతాలు", ఫలానా ఫీడర్, ఫలానా కాలనీలు, చెట్ల కొమ్మలు నరకడం కోసం ఉదయం ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు అని. దాన్ని చూసి మా వీధిలో ఆడవాళ్లు ముందే ట్యాంకు నింపుకుంటారు, రుబ్బుకోవాల్సింది రుబ్బుకుంటారు, ఎవరూ చెట్టుకింద కూర్చోరు. మరి ప్యాచింగ్ కూడా ముందే తెలిసిన కోతే కదా, రెండు మూడు వారాల ముందే తేదీ టైము రాసుకుని అప్రూవల్ తీసుకుంటాం. బ్యాంకులు కనీసం ఒక మెసేజ్ పంపిస్తాయి. రిజిస్ట్రేషన్లు, సర్టిఫికెట్లు, బిల్లులు ఇలాంటి జనం తిరిగే సేవలకి ఏ రోజు ఏ టైములో ఆపుతున్నారో మీరు ఆ ఆఫీసుల్ని అడిగి తెప్పించుకుని, అదే కరెంటు కోతల పక్కన రెండు లైన్లు వెయ్యండి. చెప్పకుండా ఆగినవాటికి మర్నాడు కారణం అడగండి, "సాంకేతిక లోపం" అంటే ఏ లోపం అని ఇంకోసారి అడగండి, వాళ్లకి నంబరు తెలిసే ఉంటుంది. నంబరు ఇస్తే వెయ్యండి, మాలాంటి వాళ్లం వందలమంది మీ పేపర్ చదువుతాం, అర్థం మేం చెప్తాం.

పేరు వెయ్యొద్దు, మా కంపెనీలో పేపర్లకి రాయకూడదని రూలుంది. ఈ శనివారం రాత్రి మాకు ప్యాచింగ్. ఆదివారం పొద్దున్నే తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మా ఫీడర్‌కి కోత ఉందని మీ పేపర్లోనే చూశా, సరిగ్గా నేను పడుకునే టైము, ఫ్యాన్ ఉండదు. ముందే తెలిసింది కాబట్టి మా అత్తయ్య వాళ్ల చెల్లెలి ఇంట్లో, పక్క కాలనీలో, నాకు పక్క వేయించి పెట్టమని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పారు.

ఇట్లు,
ఒక డీబీఏ,
నిజాంపేట, హైదరాబాద్